బండి అన్నందుకు

కొండ కింద అడవి గేటు దగ్గర ఒక బోర్డు ఉంది. దాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పచ్చ రంగు మీద తెల్ల అక్షరాలతో ‘మోటారు బండ్లకు ప్రవేశం లేదు’ అని రాసి, దాని కింద జాగా చాలక ఇరికించి ‘బ్యాటరీ బండ్లకు కూడా’ అని రాశారు. ఆ రెండో వరస కొత్తది. దాన్ని పట్టుబట్టి రాయించిన మహానుభావుడు ఎవరో నాకు బాగా తెలుసు. రోజూ తెల్ల బూట్లు వేసుకుని మా అంగడి ముందు నుంచే పోతాడు. పోతూ పోతూ నావైపు చూసి నవ్వుతాడు కూడా.

మాది కడపలో స్టీలు సామాన్ల అంగడి. మా ఆయన నాకు సొంత మేనమామ, అమ్మకు కడగొట్టు తమ్ముడు. మాటలు వచ్చినప్పటి నుంచి మామా అనే పిలిచాను కాబట్టి పెళ్లయ్యాక కొత్త పిలుపు నేర్చుకునే పని పడలేదు. ఆయన నెమ్మది మనిషి. నేను కాదు. అంగడికి వచ్చినవాళ్లు బేరం ఆయనతో మొదలుపెడతారు, లోపలి నుంచి నా గొంతు వినబడగానే సర్దుకుంటారు. నా నోరు మంచిది కాదని మా వీధిలో ఎవరిని అడిగినా చెప్తారు. చెప్పుకోనీ. ఆ నోరే లేకపోతే మా అంగడి ఎప్పుడో మూతపడేది.

మా ఇళ్లల్లో మగవాళ్లు యాభై దాటితే బొజ్జ పెంచుకుని, గల్లాపెట్టె ముందు నుంచి లేవడం మానేస్తారు. మామ మాత్రం చిన్నప్పటి నుంచీ సైకిలు మనిషి. ఎండ ముదరకముందే ఊరు దాటి, వంక వెంబడి కొండ మీదికి పోయే బాటలో దొన దాకా తొక్కి, తిరిగొచ్చి స్నానం చేసి అంగడి తెరిచేవాడు. దొన అంటే బండ మీద నీళ్లు నిలిచే గుంట. చుట్టుపక్కల బోర్లన్నీ ఎండిపోయిన ఏడు కూడా అందులో కాసిన్ని నీళ్లుంటాయి. “ఆ గుంటలో ఏముండాదని అంత దూరం పోతావు మామా?” అని పెళ్లయిన కొత్తల్లో అడిగితే, “ఏమీ లేదు మే, ఊరికే” అన్నాడు. ఆ ఊరికే పోవడమే ఆయనకు సంతోషమని నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఆయన జబ్బును మొదట కనిపెట్టింది మేము కాదు, ఒక పెళ్లివాళ్లు. కొన్న సామాను మీద పేర్లు కొట్టి ఇవ్వడం మా అంగడి పద్ధతి. ఆ పని మామదే. ముద్దొచ్చే అక్షరాలు ఆయనవి. ఆ పెళ్లివాళ్లు బిందెలు వెనక్కి తెచ్చి నా ముందు దబదబా పెట్టారు. “మొదట అక్షరం పెద్దగా ఉండాది, పోను పోను చీమ తలకాయంత అయిపాయె. ఏందమ్మా ఈ పని?” అన్నారు. నేను ఊరుకుంటానా, వాళ్లకు నాలుగు తగిలించి పంపాను. తర్వాత పేర్లు కొట్టి ఇంకా ఇవ్వకుండా అంగట్లో ఉన్న గిన్నెలన్నీ తిప్పి చూశాను. అన్నింటి మీదా పేర్లు అట్లాగే పోను పోను కుంచించుకుపోయాయి.

బెంగుళూరులో డాక్టరమ్మ వణుకుడు జబ్బు అంది. చేతుల వణుకుతో ఎట్లాగో సర్దుకున్నాం గాని, కాళ్లే మమ్మల్ని ఏడిపించాయి. నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఆగిపోతాడు. పాదాలు నేలకు అతుక్కుపోతాయి. పైన మనిషి ముందుకు పోవాలని చూస్తాడు, కింద కాళ్లు రానంటాయి. గడప దగ్గర, మలుపు తిరిగే చోట, ఇరుకు సందుల్లో మరీ ఎక్కువ. వెనక నుంచి తోస్తే ముందుకు పడిపోతాడు. చూసేవాళ్లకు మొండికేసినట్టు ఉంటుంది. “పోప్పా ముందుకు, ఈడ నిలబడి ఏం జేస్తాండావు?” అని బస్టాండులో ఒకడు అరిస్తే, వాడి కాలరు పట్టుకున్నాను.

ఆ డాక్టరమ్మే అడిగింది, పేషెంటుకు సైకిలు తొక్కే అలవాటు ఉందా అని. ఉందంటే, ఒకసారి ఎక్కించి చూడమంది. నడవలేక ఆగిపోయే కొందరు సైకిలు మీద మాత్రం హాయిగా పోతారంట. నాకు నవ్వొచ్చింది. ఇంటికొచ్చాక వసారాలో ఆగిపోయిన మనిషిని పట్టుకుని, వీధిలో సైకిలు మీద కూర్చోబెట్టి, భయపడుతూ వదిలాను. అంతే. పెడలు మీద కాలు పడగానే మామ పాత మామ అయిపోయాడు. వీధి చివర మలుపు తిరిగి కనబడకుండా పోయాడు. నేను చెప్పులు కూడా వేసుకోకుండా వెనక పరిగెత్తాను. ఎదురింటామె ఏమైందేమైందని బయటికొచ్చింది. ఏడుస్తూ నవ్వుతూ ఉన్న నన్ను చూసి, పిచ్చి పట్టిందనుకుని ఉంటుంది.

కొండ ఎక్కేటప్పుడు తొడలు అలిసిపోతున్నాయని ఆ తర్వాత బ్యాటరీ ఉన్న గేర్ల సైకిలు తెప్పించుకున్నాం. ఇది స్కూటరు కాదు. ఎక్సలేటరు ఉండదు. కాళ్లతో తొక్కితేనే పోతుంది. మనం తొక్కే కొద్దీ ఎవరో వెనక నుంచి చేయి వేసినట్టు కాస్త సాయం చేస్తుంది, తొక్కడం ఆపితే అదీ ఆపేస్తుంది. చప్పుడు ఉండదు, పొగ ఉండదు. సైకిలు గొట్టం లోపలే బ్యాటరీ దాగి ఉంటుంది కాబట్టి, తెలియనివాళ్లు మామూలు సైకిలే అనుకుంటారు.

రోజూ పొద్దున నేను స్కూటీ మీద వెనకాలే పోయేదాన్ని. గేటు దగ్గర ఆయన ఆగడు. కాలు కింద పెడితే మళ్లీ ఎక్కించే పని నాదే అవుతుంది కాబట్టి, గార్డు దూరం నుంచే చూసి వారగా ఉన్న సందు వదిలేవాడు. మామ అట్లాగే లోపలికి పోయి, దొన చుట్టూ ఒక చుట్టు తిరిగి, కాలు కింద పెట్టకుండానే వెనక్కి వచ్చేవాడు. అంతసేపూ నేను గేటు పక్కన టీ బంకు బల్ల మీద కూర్చునేదాన్ని. ఆయనకు మందులు, ఆయనకు గుండీలు, ఆయనకు అన్నం కలపడం, అన్నీ ఆ కాసేపు ఉండవు. ఆయన తన పాటికి తాను ఎక్కడో ఉన్నాడు, నేను నా పాటికి నేను టీ తాగుతున్నాను. మేమిద్దరం రోజులో మనుషుల్లా ఉన్నది ఆ కాసేపే. దాని మీద పడ్డారు.

నిజం చెప్పాలంటే, ఆ నియమం ఊరికే రాలేదు. పెద్ద ఊళ్ల నుంచి శనాదివారాలు కుర్రోళ్లు లావు టైర్ల బ్యాటరీ సైకిళ్లు కార్ల మీద కట్టుకుని వచ్చేవాళ్లు. బాట వదిలి ఎర్రచందనం మొక్కల్లోంచి కొత్త దారులు చేసుకుని, పైనుంచి రాయి దొర్లినట్టు దిగేవాళ్లు. ఒకరోజు వాకింగ్ సంఘం పెద్దాయన మలుపులో ఎదురయ్యాడు. తప్పుకోబోయి రేగు కంపలో పడ్డాడు. మణికట్టు విరిగి కట్టు కట్టించుకున్నాడు. ఆ కుర్రోళ్లు ఆగను కూడా ఆగలేదంట. ఆయనకు కోపం రావడం న్యాయమే, నేను కాదనను. అయితే కోపం ఆ కుర్రోళ్ల మీద తీర్చుకోవాలి. వాళ్లు దొరక్క, బ్యాటరీ ఉన్న ప్రతిదాని మీదా తీర్చుకున్నాడు. భూములున్న కుటుంబం, ఊళ్లో పలుకుబడి ఉన్న మనిషి. బోర్డు మీద రెండో వరస వచ్చేసింది.

వచ్చాక కూడా కొన్నాళ్లు మామ రోజూ పోతూనే ఉన్నాడు. ఆయనది మామూలు సైకిలే అని అందరి నమ్మకం. ఆ నమ్మకం చెడిపోయింది ఒక్క మాటతో.

ఆ పొద్దున మామ లోపలికి పోయాక, గార్డు నా పక్కకొచ్చి టీ తీసుకుంటూ, “అన్న సైకిలు శానా బాగుండాదమ్మా, చప్పుడే రాదే” అన్నాడు. మన వస్తువును ఎవరైనా మెచ్చుకుంటే మురిసిపోకుండా ఉంటామా? “సైకిలేందప్పా, బండి! బెంగుళూరు నుంచి తెప్పించినాం” అన్నాను.

“బండా?” అన్నాడు గార్డు, గ్లాసు పక్కన పెట్టి.

మా ఊళ్లో బండి అనని వస్తువు ఏముంది? స్కూటరు బండి, కారు బండి, రైలు బండి, ఎద్దుల బండి. టిఫిన్లు అమ్మేది బండి, బొరుగులు అమ్మేది బండి. ముద్దుగా పిల్లోడి మూడు చక్రాల సైకిలును కూడా బండి అంటాం. నోటికొచ్చిన మాట అది. కానీ వెనక బల్ల మీద ఎవరు కూర్చున్నారో నేను చూసుకోలేదు. కట్టు విప్పిన చేతిని పిసుక్కుంటూ వాకింగ్ సంఘం పెద్దాయన ఉన్నాడు.

“ఏమన్నావమ్మా? బండినా?” అంటూ లేచాడు.

మామ దిగి వచ్చేసరికి గేటుకు అడ్డంగా నలుగురు నిలబడి ఉన్నారు. గార్డు వంగి గొట్టం తట్టి చూశాడు, చక్రం మధ్యలో లావుగా ఉన్నదేమిటని అడిగాడు. పెద్దాయన చేతులు కట్టుకుని, “ఇన్ని దినాలు కండ్లకు గంతలు కడితిరే శెట్టీ” అన్నాడు మామతో. మామకు బదులు నేను అన్నాను.

“అది సైకిలేనప్పా. తొక్కకుంటే పోదు.”

“బండి అని నువ్వే అంటివి గదమ్మా. ఈ గార్డు విన్నాడు, నేను విన్నా.”

“మా అంగడి ముందర బొరుగుల బండి ఉండాది. దానికి మోటారు ఉండాదా? దాన్ని కూడా పట్టుకో పో!”

“బొరుగుల బండి అడవిలోకి రాదులే” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. మా వస్తువును నేనే ఒక్క మాటతో పట్టించినట్టయిందని నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అందులో నా తప్పేముంది? వాళ్లింట్లో మాత్రం దాన్ని ఏమంటారు?

బ్యాటరీ ఇక్కడ పెట్టి పోతాడని బతిమాలాను. చక్రంలో మోటారు ఉన్నంతవరకు అది మోటారు బండేనని పెద్దాయన తేల్చేశాడు. మా కళ్ల ముందే ఒక డీజిలు జీపు ఎవరో సార్ల చుట్టాలను ఎక్కించుకుని పొగ కక్కుకుంటూ లోపలికి పోయింది. దానికి గేటు కర్ర ఎత్తారు, నమస్కారం కూడా పెట్టారు. అదేందని అడిగితే, “దానికి పర్మిషన్ ఉండాదమ్మా” అన్నాడు గార్డు.

కొండకు పోవడం ఆగిపోయాక మామ చూస్తుండగానే బిగుసుకుపోయాడు. పొద్దున్నే లేచి, తయారై, వసారాలో కూర్చునేవాడు. పోదామా అని అడిగేవాడు కాదు. అడిగినా బాగుండేది. ఊళ్లో తొక్కుదామంటే ఆటోలు, స్కూటర్లు, ప్రతి అడుగుకూ బ్రేకు వేసి కాలు కింద పెట్టాలి. కాలు పెట్టిన చోట కాలు ఉండిపోతుంది. రెండుసార్లు మార్కెట్టులో చిక్కుకుపోయి, హారన్ల మధ్య నిలబడిపోయాక, సైకిలును గోడకు ఆనించేశాడు. అంగడి మెట్టు ఎక్కించడానికి ఇద్దరం పట్టుకోవాల్సి వచ్చింది. మాట కూడా సన్నబడింది. దానికే నాకు భయం వేసింది. కొండ దారి తెరవకపోతే ఈ మనిషి ఇంక కుర్చీకి అంటుకుపోతాడు, అంతే.

పెద్ద ఆఫీసరు దగ్గరికి పోయాను. మర్యాదగా కుర్చీ వేయించాడు, నీళ్లిచ్చాడు. అంతా విని, “సైకిలు ఎందుకమ్మా, నడిచి పొమ్మనండి. నడకకు ఎవరూ అడ్డు లేరు” అన్నాడు.

“ఆయన నడవలేడు సార్.”

“నడవలేనాయన సైకిలు ఎట్లా తొక్కుతాడమ్మా?”

ఈ మాటకు జవాబు చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. డాక్టరమ్మ చెప్పిందంతా మళ్లీ చెప్పాను. ఆయన నమ్మాడో లేదో గాని, నన్ను వదిలించుకోవడానికి ఒక దారి చూపించాడు. రాసిన నియమం మార్చడం తన చేతిలో లేదంట. వాకింగ్ సంఘం వాళ్లు అభ్యంతరం పెట్టకపోతే, ఒక్క మనిషి కోసం చూసీచూడనట్టు పోతారంట. అంటే ఎవరి కాళ్లు పట్టుకోవాలో చెప్పాడు.

కాళ్లు పట్టుకోవడం నాకు చేతకాదు. ఆదివారం పొద్దున మామను సైకిలు మీద ఎక్కించి నేరుగా గేటుకు తీసుకుపోయాను. సంఘం వాళ్లంతా నడక ముగించుకుని టీ తాగుతున్నారు. మామను గేటు కర్ర పట్టుకుని సైకిలు మీదనే ఉండమని, పెద్దాయన ముందుకు పోయి నిలబడ్డాను.

“అన్నా, ఈయనకు జబ్బు. నడిస్తే కాళ్లు ఆగిపోతాయి. సైకిలు మీద అయితే పోతాడు. నువ్వు ఊ అంటే గేటు తీస్తామన్నారు. నిన్ను పడేసినోళ్లు వేరే. ఈయన జన్మలో ఎవరినీ గుద్దినోడు కాదు.”

ఆయన టీ చప్పరిస్తూ మామను పైనుంచి కిందికి చూశాడు. “జబ్బు మనిషి మాదిరి యాడుండాడు? కొండ ఎక్కే మనిషి నడవలేడంట. ఇని ఇని చెవులు మొద్దుబారిపాయె తల్లీ. ఏదీ, దిగి నాలుగు అడుగులు వేయమను. ఆగిపోతే నేనే గేటు తీస్తా. అందరి ముందర చెప్తాండా.”

నాకు లోపల ఎగిరి గంతేసినంత పనైంది. ఇంతకంటే ఏం కావాలి? ఇంట్లో గడప దాటడానికి రామాయణమంత సేపు పట్టే మనిషి, ఈ రాళ్ల మీద ఎట్లా నడుస్తాడు? “దిగు మామా” అన్నాను. ఆయన నా ముఖం చూశాడు. ఏమనుకున్నాడో నాకు తెలియలేదు. దిగాడు. నేను సైకిలు పట్టుకున్నాను.

మామ ఒక్క క్షణం నిలబడ్డాడు. పెద్దాయన నవ్వుతున్నాడు, పక్కన ఎవరో, “దుడ్డుండాది, కొత్త బండి కొనిండాడు, షోకు” అన్నారు. ఆ మాటకు మామ మెడ ఎర్రబడడం నేను చూశాను. నలభై ఏళ్లలో ఆయనకు కోపం రావడం నేను ఎన్నడూ చూడలేదు. కాలు ఎత్తాడు. వేశాడు. ఇంకో కాలు ఎత్తాడు. ఆగిపో మామా, ఆగిపో అని మనసులో మొక్కుకుంటున్నాను. సొంత మొగుడు నలుగురిలో చతికిలపడాలని దేవుణ్ని వేడుకున్న ఆడదాన్ని నేను ఒక్కదాన్నే అయి ఉంటాను. ఆయన ఆగలేదు. తల ఎత్తి, చేతులు ఊపుకుంటూ, పెళ్లిచూపులకు వచ్చిన మనిషిలా తిన్నగా పెద్దాయన దగ్గరికి నడిచిపోయాడు.

“ఇంగా నడవాల్నా?” అని అడిగాడు.

అందరూ గొల్లున నవ్వారు. టీ బంకు ఆయన కూడా నవ్వాడు. పెద్దాయన గ్లాసు కింద పెట్టి నాకు రెండు చేతులూ జోడించాడు. “అమ్మా, నువ్వు శానా గొప్ప దానివమ్మా. బండి కోసరం బతికుండే మొగుణ్ని అవిటోణ్ని చేస్తివే!”

నాకు తల కొట్టేసినట్టయింది. విపరీతమైన కోపమొచ్చినప్పుడు ఒక్కోసారి కాళ్లకు అట్లా ఊపిరి వస్తుందని డాక్టరమ్మ తర్వాత చెప్పింది. ఆ క్షణాన నాకేం తెలుసు? పెద్దాయన మీద కంటే మామ మీదే ఎక్కువ మండింది. ఇంట్లో నా ప్రాణాలు తోడేసే మనిషి, ఇన్ని దినాలు కాళ్లు యాడ దాచిపెట్టుకున్నాడు?

మామ అక్కడితో ఆగలేదు. గేటు పక్క సందులోంచి లోపలికి నడిచాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు. నడకకు ఎవరూ అడ్డు లేరు కదా! నేను సైకిలును గోడకేసి కొట్టినట్టు పడేసి వెనకాలే పోయాను. “నిలబడు! ఎవరి ముందర గొప్పలకు పోతాండావు? నా పరువు తీస్తివి గదా!” అని అరుస్తూనే ఉన్నాను. ఆయన వెనక్కి తిరగలేదు. బాట వంపు తిరిగి, బలుసు పొదల అవతలికి పోయాం. గేటు దగ్గరివాళ్లు కనబడడం మానేశారు. అక్కడ మామ ఆగిపోయాడు.

నిలబడినవాడు నిలబడినట్టే ఉన్నాడు. మడమలు కొద్దిగా లేచి, మోకాళ్లు వణుకుతూ, పాదాలు మాత్రం నేలను వదలడం లేదు. చొక్కా వీపంతా చెమటతో అంటుకుపోయింది. ముఖంలో ఎరుపు దిగిపోయి బూడిద రంగుకు వచ్చింది.

గేటు దగ్గర మాటలు నాకు స్పష్టంగా వినిపిస్తున్నాయి. ఇంకా మా గురించే చెప్పుకుని నవ్వుతున్నారు. ఒక్క కేక వేస్తే చాలు, పరిగెత్తుకుంటూ వస్తారు. వచ్చి కళ్లారా చూస్తారు. ఆగిపోతే గేటు తీస్తానని ఆ పెద్దమనిషి అందరి ముందు చెప్పాడు, వెనక్కి తీసుకోలేడు. రేపటి నుంచి మామ సైకిలు మీద దొన దాకా పోవచ్చు. నేను ఊపిరి పీల్చుకుని నోరు తెరిచాను.

“మే, అరవొద్దు” అన్నాడు మామ.

“ఎందుకు అరవకూడదు? ఇప్పుడు చూడనీ ఆ దొంగ నా బట్టలు! ఇప్పుడు చెప్పనీ నేను అబద్ధమాడినానని!”

“వద్దు మే.” గొంతు సన్నగా ఉంది. “వాళ్ల ముందర నడిచినా గదా. అది ఉండనీ.”

“అది ఉంటే కొండ ఉండదు మామా. తెలుస్తాందా? మళ్లా ఈడికి రాలేవు.”

“తెలుసులే” అన్నాడు.

నా జన్మలో నోరు మూసుకుని కూర్చున్న సందర్భాలు నాకు గుర్తులేవు. నోట్లో మాట ఉంది, గేటు దగ్గర మనుషులున్నారు, గెలుపు పిలిస్తే పలికేంత దూరంలో ఉంది. ఆయన ముఖం చూశాను. బతిమాలుతున్నాడు. మా పెళ్లిలో, అంగట్లో, ఆస్పత్రిలో, ఎప్పుడూ నన్ను ఏదీ అడగని మనిషి. నేను నోరు మూసుకున్నాను.

అట్లా ఆగిపోయినప్పుడు ముందర ఏదైనా అడ్డం పెడితే, దాన్ని దాటడానికి కాలు లేస్తుంది. ఇంట్లో అయితే దానికొక చీపురుపుల్ల కట్ట ఉంది. ఆ అడవిలో పుల్ల ముట్టుకుంటే కేసంటారు. నా కాలు అడ్డం పెట్టాను. “దాటు” అన్నాను.

“మనిషిని దాటకూడదు మే” అన్నాడు. ఆ స్థితిలో కూడా!

“నేను ఎదిగేది ఇంకేమీ లేదులే మామా, దాటు.”

నవ్వాడు. కాలు లేచింది. నా పాదం దాటి అవతల పడింది. మళ్లీ ముందుకు పోయి పాదం పెట్టాను, మళ్లీ దాటాడు. అట్లా దొన వైపు కాదు, గేటు వైపే తిప్పుకుని వచ్చాను. వంపు దగ్గరికి రాగానే నన్ను వెనక ఉండమన్నాడు. చొక్కా సర్దుకున్నాడు. వాళ్లు చూస్తుండగా కొంత దూరం తానే నడిచాడు. సందు దగ్గర కాలు తడబడబోతే, నేను పక్కకొచ్చి, కొంగులో మూటకట్టిన తాళాల గుత్తి ఆయన ముందర జారవిడిచాను. దాన్ని దాటి బయటపడ్డాడు.

“ఏం శెట్టీ, అప్పుడే వచ్చేస్తివి? దొన దాకా పోలేదా?” అన్నాడు పెద్దాయన.

“ఎండగా ఉండాదప్పా” అన్నాడు మామ.

పెద్దాయన నావైపు తిరిగాడు. ఏమంటానో అని అందరూ చూశారు. నేను వంగి తాళాలు తీసుకుని, సైకిలు లేపి, మామను ఎక్కించాను. ఎక్కించేటప్పుడు ఆయన చేతులు చల్లగా ఉన్నాయి.

మళ్లీ ఆ గేటుకు పోలేదు. ఇప్పుడు మామ బైపాసు రోడ్డు పక్కన తొక్కుతాడు. పక్క నుంచి నాపరాళ్ల లారీలు దుమ్ము కొట్టుకుంటూ పోతాయి. అక్కడ బ్యాటరీ ఉందా అని ఎవరూ అడగరు. అడవిని కాపాడడానికి పెట్టిన నియమం మా మామను తీసుకెళ్లి లారీల కింద పెట్టింది. ఈ మాట ఆ ఆఫీసరు ముఖం మీద అనాలని ఉంది. అంటే ఆ ఆదివారం సంగతంతా చెప్పాలి. అందుకే అనలేదు.

కానీ ఊరు ఊరుకోదు. మొన్న ఒకామె కుక్కరు కొనడానికి వచ్చింది. ఆమె మొగుడు వాకింగ్ సంఘంలో ఉన్నాడు. కుక్కరు మూత తిప్పి తిప్పి చూస్తూ, నవ్వు ఆపుకోలేక అడిగేసింది. “ఏమక్కా, మీ ఆయన నడవలేడని చెప్పి గేటు తీయమంటివంట గదా? నిజమేనా?”

మామ గల్లాపెట్టె దగ్గర కూర్చుని గ్లాసులు తుడుస్తున్నాడు. చేతిలో గుడ్డ ఆగిపోయింది. తల ఎత్తలేదు.

నాకు నోట్లోకి వచ్చిన మాటలు వేరే. “నిజమే” అన్నాను. “అబద్ధం చెప్పినా. నడవలేకేమి, బ్రహ్మాండంగా నడుస్తాడు.”

ఆమె విరగబడి నవ్వింది. నేనూ నవ్వాను. ఆమె పోయిందాకా మామ ఆ ఒక్క గ్లాసునే తుడుస్తూ కూర్చున్నాడు.